జడపిన్ను స్టార్టర్

"అల్లుడా, నీళ్లు పడ్డయా?"

పొద్దున లేవగానే మా బాపు అడిగే మొదటి మాట అది. మా ఇంట్లో బోరు లేదు. మేముండేది శంషాబాద్‌లో ఒక ఇరుకు సందులో, పై అంతస్తులో, రెండు గదుల కిరాయి ఇంట్లో. బాపు అడిగేది గోడవారగా బల్ల మీద వరసగా పెట్టిన చిన్న డబ్బాల గురించి. అరచేతిలో పట్టేంత డబ్బాలవి. ఒక్కొక్కటీ ఒక బుల్లి ఫ్యాను తిప్పుకుంటూ ఏదో ఒక అంకెను ఊహిస్తూ కూచుంటుంది. ప్రపంచమంతటా ఇలాంటి యంత్రాలు లెక్కలేనన్ని అదే అంకెను ఊహిస్తున్నాయట. ఎవరిది ముందు తగిలితే వాళ్లకు బిట్‌కాయిన్లు. దీన్ని మైనింగ్ అంటారు, అంటే తవ్వడమని మా ఆయన చెప్పిన రోజే బాపు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఆయన లోకంలో తవ్వడమంటే బోరు. బోరంటే నీళ్లు పడాలి.

"ఇంక పడలే మామా," అనేవాడు మా ఆయన, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ.

"ఎంత లోతు పోయింది?"

"మస్తు పోయింది."

"పాయింట్ మంచిగ పెట్టియ్యలే నువ్వు. కొబ్బరికాయ పట్టి చూసేటాయన్ను పిలిస్తే గిట్ల కాకపోవు."

మా ఆయన విమానాశ్రయంలో కార్గో వైపు ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు. తనవి కాని పెట్టెలు ఎత్తీ దించీ వచ్చే మనిషి. ఎవరో తెలిసినవాడు వదిలించుకుంటుంటే ఆ ఐదు డబ్బాలూ సంతోషంగా మోసుకొచ్చాడు. తగిలే ఆశ లేదని ఆయనకూ తెలుసు. అయినా పొద్దున బూట్లు వేసుకునే ముందు ఒకసారి వాటి బుల్లి తెరల మీద వంగి చూసేవాడు. ఆ చూపును వెక్కిరించడానికి నాకు నోరు రాలేదు, మామూలుగా దేన్నీ వదలని నోరు నాది.

నేను పని చేసేది విమానాల్లో ఇచ్చే భోజనాలు సర్దే వంటశాలలో. జుట్టుకు వల, వల జారకుండా నాలుగు జడపిన్నులు, చేతులకు తొడుగులు. బెల్టు మీద ట్రేలు కదులుతుంటాయి. నా వంతు చెంచాలు. చెంచా, ఫోర్కు, ఉప్పు పొట్లం, కాగితపు రుమాలు కలిపి చుట్టి ట్రే మూలన పెట్టాలి. పొద్దున షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి, రెండు ముద్దలు తిని చాప మీద వాలేసరికి నేను చుట్టిన చెంచాలు మా కప్పు మీదుగానే ఎగిరిపోతుండేవి. ఒక్కో విమానం నీడ మా డాబా మీద ఆరేసిన చీరల మీదుగా జారి, పక్కింటి నీళ్ల ట్యాంకు ఎక్కి మాయమయ్యేది. సగం నిద్రలో నాకు ఆ నీడ నన్ను కూడా తాకి పోయినట్టుండేది. అందులో కూచున్న ఎవరో ఇప్పుడు నేను చుట్టిన రుమాలు విప్పుతున్నారని అనుకుంటూ నిద్రలోకి జారుకునేదాన్ని.

ఊరంతా చెంచాలు పంచుతాను గానీ, ఇంట్లో ఒక్క చెంచాను మాత్రం చూడలేకపోయేదాన్ని. అది బాపుది.

బాపు మా ఊరు మంఖాల్‌లో బోరు మోటర్ల మెకానిక్. చుట్టుపక్కల ఎవరి పొలంలో మోటరు ఆగినా ఆయనకే కబురు. అమ్మ పోయాక అక్కడ ఒక్కడే ఉంటూ, తనే వండుకుంటూ, పని మాత్రం మానలేదు. ఒకరోజు పొద్దున కుడి పక్క పడిపోయింది. దవాఖానలో కొన్నాళ్లు ఉన్నాక కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడి చెయ్యి రాలేదు. నేనే పట్టుబట్టి మా ఇంటికి తీసుకొచ్చాను. వేళ్లకు పని చెప్పమన్నాడు డాక్టరు. ఈ కొన్ని నెలల్లో కదిలిస్తే కదులుతాయి, లేకపోతే ఇలాగే బిగుసుకుపోతాయని గట్టిగా చెప్పి, పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. ఆ బంతి వారం తిరక్కుండా మంచం కిందికి చేరింది. పెసలు పళ్లెంలో పోసి ఏరమని ముందు పెట్టాను. "నేనేమన్న చిన్నపోరన్నా?" అని పళ్లెం పక్కకు జరిపాడు.

అన్నం మాత్రం లోపలి గదిలో, గోడకు తిరిగి కూచుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినేవాడు. ముందు గదిలో మాతో కూచోమంటే వినలేదు. "అల్లుని ఇంట్ల కూసొని తింటున్న. గది గూడ ఎడమచేత్తోని. మీ ముంగట తినాల్నా?" అని ఒక్కసారే అన్నాడు, మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు. చెంచా స్టీలు పళ్లేనికి తగిలే చప్పుడు కర్టెను ఇవతలికి వినిపించేది. నా చిన్నప్పుడు ఆయన తన పళ్లెంలో కలిపి నాకు ముద్దలు పెట్టేవాడు. సర్ఫుతో ఎంత రుద్ది కడిగినా ఆ చేతికి గ్రీజు వాసన పోయేది కాదు. నాకు పప్పన్నం రుచంటే ఇప్పటికీ కొంచెం గ్రీజు వాసన కలిసినట్టే గుర్తు. ఆ చెయ్యి ఇప్పుడు ఆయన ఒళ్లో, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులాగా పడి ఉండేది.

అలాంటి రోజుల్లోనే డబ్బాలు వచ్చాయి. ఐదింటికి కలిపి రెండే అడాప్టర్లు ఉన్నాయి. ఇంకో మూడు కొని, అన్నిటికీ ఐదు ప్లగ్గులు వెతకడమెందుకని, మా అటక మీద చచ్చి పడున్న పాత కంప్యూటరును మా ఆయన దించాడు. దాని పొట్టలోంచి పవర్ సప్లై పెట్టె ఊడదీశాడు. కంప్యూటరు మొత్తాన్ని నడిపిన పెట్టె, ఈ ఐదు పిల్లల్ని నడపలేదా అన్నాడు. పెట్టె లోంచి రంగురంగుల తీగలు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి. ప్లగ్గు పెట్టి స్విచ్చేశాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ తీశాడు, పెట్టాడు. నేను నవ్వాను. ఆయన ముఖం ముడుచుకున్నాడు.

లోపలి గది గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు.

"గ్రీన్ ఏడున్నది?" అన్నాడు.

"ఏంది మామా?"

"స్టార్టర్ల గ్రీన్ బటన్ నొక్కితెనే గద మోటర్ లేస్తది. ఉత్తగ కరెంటిస్తె లేస్తదా? గీ తీగలల్ల గ్రీన్ ఎక్కడున్నదో చూడు."

వెడల్పాటి ప్లగ్గు ఒకటి ఉంది, దానికి బోలెడన్ని బెజ్జాలు. అన్నిట్లోకీ ఆకుపచ్చ తీగ ఒక్కటే. మా ఆయన ఫోన్లో వెతికి కళ్లు పెద్దవి చేశాడు. నిజమే. ఆకుపచ్చ తీగనూ దాని పక్కనున్న నల్ల తీగనూ కలిపితేనే ఆ పెట్టె లేస్తుంది. మామూలుగా ఆ పని కంప్యూటరు చేస్తుంది. ఇక్కడ కంప్యూటరు లేదు కాబట్టి మనమే చెయ్యాలి. కలపడానికి ఏదైనా చిన్న కమ్మీ ఉందా అని ఇల్లంతా కలియజూస్తుంటే నేను తలలోంచి జడపిన్ను తీసి ఇచ్చాను. దాని కొసలు గీకి, వంచి, రెండు బెజ్జాల్లోకి దూర్చాడు. పెట్టె వెనక ఫ్యాను గిర్రున తిరిగింది.

బాపు ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి, ఆ పెట్టెకు ఆనించి, కళ్లకద్దుకున్నాడు. మోటరు లేచిన ప్రతిసారీ స్టార్టరుకు అలా మొక్కడం ఆయనకు అలవాటు. పక్షవాతం వచ్చాక ఆ చేతిని తనంతట తను ఎత్తింది నేను చూడడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి తీగలు ఆయన చేతికి వెళ్లిపోయాయి. ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు. మొదటి డబ్బాకు మా ఆయన ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ ఎలా కలిపాడో చూసి, మిగతా వాటికీ అలాగే కట్టడం మొదలుపెట్టాడు. తీగ చివర తోలు తీయాలి, లోపలి రాగి పోగుల్ని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి మెలితిప్పాలి, చిన్న మర కింద బిగించాలి. ఎడమ చెయ్యి తీగను పట్టుకుంటే, మెలితిప్పాల్సింది కుడి చెయ్యే. మొదట్లో పోగులు విడిపోయి నిక్కబొడుచుకునేవి. "గింత సన్నంగ చేస్తరా ఎవరన్న," అని తీగలనే తిట్టేవాడు.

ఇంకో పేచీ కూడా పెట్టాడు. మా ఆయన జడపిన్నును అలాగే ప్లగ్గులో ఉంచేశాడు. కరెంటు పోయి వచ్చినా డబ్బాలు వాటంతటవే లేచి నడిచేవి. బాపుకు అది సుతరామూ నచ్చలేదు.

"ఆటో స్టార్టర్ పెడ్తవా అల్లుడా? నేను ఊర్ల ఎంతమందితోని కొట్లాడిన్నో ఎరుకనా? మనిషి లేకుంట మోటర్ లేస్తె, నీళ్లు లేకున్న తిరుగుతనే ఉంటది. కాలిపోతది. కరెంటొచ్చినంక మనిషి పోవాలె, చూడాలె, తన చేత్తోని ఎయ్యాలె."

అంతే. కరెంటు పోయినప్పుడల్లా పిన్ను తీసి పక్కన పెట్టడం, వచ్చాక చేత్తో పెట్టడం మా ఇంటి నియమమైంది. మా వీధిలో కరెంటు రోజుకొకసారైనా పోయి వస్తుంది, ఎక్కువగా మధ్యాహ్నమే. ఎడమ చేత్తో ప్లగ్గు పట్టుకుని, కుడి చేత్తో పిన్ను పెట్టాలి. పిన్ను జారి కింద పడేది. నేను లేవబోతే "కూసో" అనేవాడు. మళ్లీ పడేది. కళ్లు మూసుకుని పడుకునేదాన్ని, గచ్చు మీద పిన్ను పడే చప్పుడు వింటూ. ఆ చప్పుడు ఆగి, ఫ్యాన్లు ఒక్కసారిగా గుయ్యిమనేవి. అప్పుడు నాకు నిద్ర పట్టేది.

ఎలాంటి నిద్రో చెప్పలేను. నా చిన్నప్పుడు బాపు వెంట పొలాలకు పోతే, మోటరు కొట్టంలో కేబులు చుట్ట మీద తల పెట్టుకుని పడుకునేదాన్ని. తల మీద స్టార్టరు డబ్బా గుయ్యిమంటుండేది. బయట పైపులోంచి నీళ్లు పడుతుండేవి. ఆ నీళ్లు కొట్టంలోకి వచ్చి నన్ను మెల్లగా ఎత్తుకుని మడుల మీదుగా తేల్చుకుంటూ పోతున్నట్టు ఉండేది. శంషాబాద్‌లో, రెండు గదుల ఇంట్లో, మళ్లీ ఆ నీళ్లే వచ్చేవి. చాప కదిలేది. పైన విమానం వెళ్తుంటే అది కూడా నీళ్లలో ఈదుతున్న చేపేనేమో అనిపించేది. బాపు బల్ల దగ్గర తల వంచుకుని రాగి పోగులు మెలితిప్పుతుండేవాడు. జీవితంలో ఎప్పుడైనా పూర్తిగా సుఖంగా ఉన్నానంటే ఆ మధ్యాహ్నాలే.

నాలుగు డబ్బాలు ఎర్ర తీగల మీద లేచాయి. ఐదోది మిగిలింది. ఆ రోజు మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, నేను డాబా మీద బట్టలు తీస్తున్నాను. "టప్" అని చప్పుడు, వెంటనే ముక్కు మండే వాసన. దిగి వచ్చేసరికి ఐదో డబ్బా లోంచి సన్నటి పొగ లేస్తోంది. బాపు పిన్ను పీకేసి నిలబడి ఉన్నాడు. కింద ఇంటి ఓనరు ఖాలా మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఏందమ్మా, కాలిన వాసనొస్తుంది? సబ్ ఖైర్ హై నా?"

"ఏం లేదు ఖాలా," అన్నాను.

జరిగిందేమిటో తీగల్ని చూస్తే తెలిసిపోయింది. ఎర్ర తీగ దూరంగా ఉంది, పసుపు తీగ చేతికి దగ్గరగా ఉంది. బోరు మోటరుకు ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. మూడింట్లోనూ ఒకే బలం ఉంటుంది. బాపు జన్మంతా ఆ మూడు రంగుల మధ్యే బతికాడు. అయినా అనుమానం వచ్చి జేబులోని టెస్టరు పెట్టి చూశాడట. ఎరుపు మీద టెస్టరు వెలగలేదు, పసుపు మీదా వెలగలేదు. ఇంటి కరెంటుకు వెలిగే టెస్టరు ఇంత చిన్న కరెంటుకు ఎక్కడ వెలుగుతుంది? రెండూ ఒక్కటే అనుకుని పసుపు తీగ కట్టేశాడు. కంప్యూటరు పెట్టెలో ఎరుపు ఐదు వోల్టులు, పసుపు పన్నెండు. ఐదు తాగే డబ్బాకు పన్నెండు పోశాడు. ఆకుపచ్చ తీగ దగ్గర ఆయన్ను గెలిపించిన బుద్ధే పసుపు తీగ దగ్గర ఓడించింది.

"పోతె పోయింది తియ్ మామా, ఇంక నాలుగున్నయి," అన్నాడు మా ఆయన సాయంత్రం. మనసులో ఏ కోపమూ లేకుండానే అన్నాడు.

బాపు గోడ వైపు చూస్తూ, "చెయ్యే పోయిందనుకున్న. తలకాయ గూడ పోయింది," అన్నాడు.

కుడి చేతిని కండువా కిందికి తోసేశాడు. ఆ తర్వాత బల్ల వైపు రాలేదు, నీళ్లు పడ్డాయా అని అడగడం కూడా మానేశాడు. కరెంటు పోయి వస్తే పిన్ను నేనే పెట్టేదాన్ని. కర్టెను వెనక చెంచా చప్పుడు ఇదివరకటి కంటే తొందరగా ఆగిపోయేది. పళ్లెం తీయబోతే సగం అన్నం అలాగే ఉండేది. డాక్టరు చెప్పిన నెలలు నా కళ్ల ముందే కరిగిపోతున్నాయి. కాస్త వదులైన వేళ్లు మళ్లీ లోపలికి ముడుచుకుంటున్నాయి. నాకు భయమేసింది. నాకు భయమేస్తే అది కోపంగానే బయటికొస్తుంది.

ఒక మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చి, వల కూడా తీయకుండా ఆయన ముందు నిలబడ్డాను.

"నీ చేతిల ఎన్నడూ మోటర్ కాలలేదా బాపు?"

ఆయన తలెత్తలేదు. "కాలకేం. మస్తు కాలినయి," అన్నాడు.

"అప్పుడు గూడ గిట్లనే చెయ్యి కండువల దాసుకొని కూసున్నవా?"

"అప్పుడు చెయ్యున్నది."

"ఇప్పుడు లేదా? ఇగో, ఇది ఎవల్ది?" అని కండువా లాగేశాను. "కాలిన మోటర్లు విప్పి వైండింగ్ కట్టినవ్. కాలిన మోటర్లే మనకు బువ్వ పెట్టినయి. నా పెండ్లి చేసినయి. ఒక్క డబ్బా కాలిందని ఇగ చాలు అంటవా?"

బల్ల దగ్గరికి వెళ్లి జడపిన్ను పీకేశాను. ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. పిన్ను తెచ్చి ఆయన ఒళ్లో పడేశాను. "నేను పెట్ట. ఎవరూ పెట్టరు. నడిస్తె నీ చేత్తోని నడవాలె, లేకుంటె ఉండనీ," అనేసి వంటింట్లోకి పోయి, గోడకానుకుని ఏడ్చాను.

మా ఆయన వచ్చి చూస్తే డబ్బాలు చీకటిగా ఉన్నాయి. విషయం చెప్పాను. ఆ తెరల మీద ఆయన రోజూ ఎలా వంగేవాడో నాకు తెలుసు. కాసేపు బల్ల ముందు నిలబడి, "మామ పెట్టిందాక ఉండనీ," అన్నాడు. కాళ్లు కడుక్కుని అన్నానికి కూచున్నాడు. ఆ మనిషిని చేసుకున్నందుకు ఆ పూట నాకు గర్వంగా అనిపించింది. ఆయనతో మాత్రం చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

డబ్బాలు ఆగాక ఇల్లు వింతగా అయిపోయింది. ఆ హోరు కింద ఇన్నాళ్లూ దాగిన విమానాల చప్పుడు నేరుగా మీదికొచ్చేది. మధ్యాహ్నం చాప చాపలాగే ఉండేది, కదిలేది కాదు. నిద్ర వచ్చీ రాకుండా పొర్లుతుండేదాన్ని.

అలా పొర్లుతున్న ఒక మధ్యాహ్నం ఏదో చిరుగుతున్న చప్పుడు వినిపించింది. కనురెప్పల సందులోంచి చూశాను. బాపు బల్ల దగ్గర ఉన్నాడు. పసుపు తీగలన్నిటినీ ఒక్కొక్కటే తీసి, ఇన్సులేషన్ టేపు చుడుతున్నాడు, మళ్లీ ఎవరి చెయ్యీ పొరపాటున వాటి మీదికి పోకుండా. టేపు కొస అతుక్కుపోతే కుడి బొటనవేలి గోటితో గీకుతున్నాడు. గీకి, గీకి, లేపి, లాగుతున్నాడు. లేచి సాయం చేద్దామని ఒళ్లంతా లాగింది. లేవలేదు. కదిలితే ఆగిపోతాడని ఊపిరి కూడా మెల్లగా తీశాను. పసుపు తీగలు ఒకదాని తర్వాత ఒకటి నల్లగా మారుతున్నాయి. కిటికీలోంచి ఒక విమానం నీడ వచ్చి ఆయన భుజం మీదుగా పోయింది. చూస్తూ చూస్తూ ఎప్పుడు నిద్రపోయానో తెలీదు.

కలలో స్టార్టరు డబ్బా గుయ్యిమంటోంది. బయట పైపులోంచి నీళ్లు పడుతున్నాయి. కేబులు చుట్ట నా చెంపకు చల్లగా ఉంది. మెలకువ వచ్చినా ఆ హోరు ఆగలేదు. లేచి కూచున్నాను. బల్ల మీద నాలుగు డబ్బాలూ నడుస్తున్నాయి, ప్లగ్గులో నా జడపిన్ను ఉంది. బాపు లోపలి గదిలో పడుకుని గురక పెడుతున్నాడు. పిన్ను ఎన్నిసార్లు కింద పడిందో నాకు వినబడలేదు.

ఆ డబ్బాలకు ఏ అంకే తగల్లేదు, ఆ బోరులో నీళ్లు పడలేదు. ఎండలు ముదిరాక వాటి వేడికి ఉండలేక మా ఆయనే వాటిని ఇంకొకరికి ఇచ్చేశాడు. కానీ అంతకు ముందు ఒక ఆదివారం ఉంది.

ఆ రోజు మా ఆయనకు సెలవు. పప్పు, చింతకాయ తొక్కు, వేడి అన్నం. లోపలి గదికి బాపు పళ్లెం సిద్ధం చేసి, చెంచా పెట్టి, మేమిద్దరం చాప మీద కూచునే లోపే పోయిన కరెంటు వచ్చింది. బాపు లేచి వచ్చి, ప్లగ్గు పట్టుకుని, పిన్ను పెట్టాడు. ఈసారి అది పడలేదు. ఫ్యాన్లు లేచాయి. ఆయన పెట్టెకు మొక్కి నల్లా దగ్గరికి పోయాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. తొంగి చూశాను. కడుక్కుంటున్నది కుడి చెయ్యి.

వచ్చి మా ఎదురుగా చాప మీద కూచున్నాడు. నేను పళ్లెం తెచ్చి ముందు పెట్టాను. చెంచా తీసి పక్కన పెట్టి, పప్పు వేసుకుని, అన్నంలో వేళ్లు పెట్టాడు. వేళ్లు సగమే వంగుతున్నాయి. మెతుకులు చాప మీద చెదురుతున్నాయి. మా ఆయన తల వంచుకుని తన పళ్లెంలోకే చూస్తున్నాడు. నాకు చూపు తిప్పుకోవడం చేతకాలేదు.

"ఏంది గట్ల చూస్తవ్? చెయ్యి పట్టు," అన్నాడు బాపు.

పట్టాను. ముద్ద వదులుగా ఉంది, దానికి టేపు జిగురు వాసన ఉంది. అరచేతిలో పడగానే విడిపోయింది. రెండో చెయ్యి కింద పట్టి ఒక్క మెతుకు కూడా జారనివ్వకుండా తిన్నాను.